ఒంటిపూట ప్రయాణాలు: వేసవి సెలవులకు పిల్లలకో ఉత్తరం

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు,

మీ అవ్వ ఆశీర్వదించి వ్రాయునది.

సెలవులు ఇచ్చారని, ఈసారి ఊటీకైనా కొడైకెనాల్‌కైనా తీసుకువెళ్ళమని మీరు అడిగితే మీ అమ్మ సమాధానం చెప్పలేకపోయిందని తెలిసింది. మీ అమ్మకు ఆసుపత్రిలో డ్యూటీలు వారానికొక రకంగా మారుతుంటాయి. పెళ్ళిళ్ళ కాలం కావడం వల్ల మీ నాన్న దుకాణం విడిచి రెండు రోజులు ఊరు దాటలేడు. పదిరోజుల ప్రయాణం ఈ వేసవిలో కుదరదు. అయితే వారానికి ఒక పూట, ఒక్కొక్కసారి రెండు పూటలు, ఇద్దరిలో ఒకరికైనా తీరిక దొరుకుతుంది. ఆ పూట ఎక్కడికి వెళ్ళాలో, ఏ బస్సు ఎక్కాలో, ఏమి వెంట తీసుకుపోవాలో మీరే ముందుగా సిద్ధం చేసి పెడితే, అలసిపోయి ఇంటికి వచ్చిన అమ్మానాన్నలకు ఆ భారం తప్పుతుంది, మీకూ సెలవులు వృథా కావు. అందుకు పనికివచ్చే సంగతులు నాకు తెలిసినంతవరకు ఇందులో వ్రాస్తున్నాను.

మొదట ఎండ సంగతి. మన తిరుపతిలో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. కొండరాళ్ళు పగలంతా కాగి రాత్రి చాలాసేపటి వరకు సెగలు కక్కుతూనే ఉంటాయి. కనుక పదకొండు గంటల నుంచి నాలుగు గంటల వరకు బయట తిరిగే మాట తలపెట్టవద్దు. తెల్లవారిన దగ్గరినుంచి పది వరకు ఒక పూట, సాయంత్రం ఐదు తర్వాత మరొక పూట, ఇంతే మనకు చిక్కేది. డ్యూటీలు, దుకాణాలు ఉన్నవాళ్ళకు దొరికే తీరిక కూడా చాలావరకు ఆ వేళల్లోనే ఉంటుంది కాబట్టి, ఈ లెక్క మన ఇంటికి చక్కగా సరిపోతుంది.

మొదటి ప్రయాణంగా చంద్రగిరి పెట్టుకోండి. ఊరికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న ఆ కోటను దారిన పోతూ బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప, లోపలికి వెళ్ళి నిదానంగా చూసిన పిల్లలు మన వీధిలో ఎందరున్నారో అడిగి చూడండి. యాదవరాయల కాలం నాటి ఆ కోట తరువాత విజయనగర రాజుల చేతికి వచ్చింది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత హంపి పాడుపడగా, అరవీటి వంశం వారు మొదట పెనుకొండ నుంచి, ఆపైన చంద్రగిరి నుంచి రాజ్యం చేశారు. 1639లో ఆంగ్లేయ వర్తకులకు సముద్రతీరాన చెన్నపట్నం నేల దక్కింది కూడా చంద్రగిరి ప్రభువుల ఏలుబడి కాలంలోనే. అంటే ఈనాటి చెన్నై మహానగరపు పుట్టుకతో మన పక్క ఊరి కోటకు సంబంధం ఉన్నది. ఈ సంగతి ముందే తెలుసుకుని రాజమహల్ ముందు నిలబడితే ఆ గోడలను చూసే తీరే మారుతుంది.

మూడు అంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. పైకప్పు బరువును కొయ్య దూలాలు లేకుండా ఏది మోస్తున్నదో లోపల కమానులను చూసి మీరే కనిపెట్టండి. పెద్దవాడు వాటి బొమ్మ గీసి నాకు పంపాలి. లోపల పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉన్నది. దానికి శుక్రవారం సెలవు. పక్కనున్న రాణీమహల్‌ను కూడా చూసి, ఎండ ముదరకముందే తిరుగు బస్సు ఎక్కండి. మ్యూజియంలో ప్రతి రాతినీ చూడాలని పట్టుబట్టవద్దు. చిన్నదానికి కాళ్ళు నొప్పులు పుడితే ఆ పూట ఆనందమంతా పోతుంది. నాలుగు శిల్పాలను బాగా చూస్తే చాలు.

తిరుమలకు మనం ఏడాదికి ఎన్నోసార్లు వెళతాము కనుక దాన్ని విహారమని ఎవరూ అనుకోరు. ఈసారి దర్శనంతో పాటు రాళ్ళను కూడా చూసి రండి. ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచినచోట రెండు రకాల రాళ్ళు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి: అడుగున మిక్కిలి ప్రాచీనమైన గ్రానైటు, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఈ రెండింటి వయస్సులకు నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉన్నదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. అంతకాలంలో అక్కడ పేరుకున్న పొరలేవైనా ఉంటే అవి గాలికీ నీటికీ అరిగిపోయి, ఆ తరువాత మళ్ళీ సముద్రపు ఇసుక వచ్చి పరుచుకున్నదన్నమాట. ఆ ఇసుకే గట్టిపడి ఈనాటి ఏడుకొండల రాయి అయింది. కొండమీద చక్రతీర్థం దగ్గరి శిలాతోరణం, సుమారు ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న ఆ సహజమైన కమాను, ఆ రాతిని గాలీ వానా తొలిచి చేసినదే. ఉలి తగలకుండా ఏర్పడిన ఆ తోరణాన్ని చూసినప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

నడిచి ఎక్కాలని మీకు సరదా ఉంటే శ్రీవారి మెట్టు దారి మంచిది. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, నడక సుమారు తొమ్మిది కిలోమీటర్లు. దాన్ని చలికాలానికి ఉంచుకుందాము. ఏ దారైనా శేషాచలం అడవిలోంచే పోతుంది, అందులో చిరుతలున్నాయి. పిల్లలను ఏ వేళల్లో అనుమతిస్తున్నారో ముందురోజే కనుక్కుని, గుంపుతో కలిసి, పెద్దల చేయి వదలకుండా నడవాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

జంతు ప్రదర్శనశాల గురించి మీకు చెప్పనక్కరలేదు. 1987లో ఏర్పడిన ఆ శ్రీ వేంకటేశ్వర జూ చాలా విశాలమైనది, నడక ఎక్కువ. గేటు తెరవగానే లోపలికి వెళ్ళేటట్టయితేనే వెళ్ళండి. ఎండెక్కితే జంతువులూ నీడలోకి పోయి పడుకుంటాయి. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం మాత్రం పగటిపూట నీడపట్టున గడపడానికి అనువైన చోటు. అక్కడి పరికరాలను చేతితో తిప్పి, నొక్కి చూడవచ్చు.

ఆకాశం చూడడానికి మన మిద్దె చాలు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా నిలిచి ఉంటుంది. దాని తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని అంటుకుని మిణుకుమిణుకుమనే చిన్న చుక్క అరుంధతి. ఆ తోక వంపును అలాగే ముందుకు సాగదీస్తే నారింజ రంగులో మెరిసే స్వాతి దొరుకుతుంది. ఇంకా సాగదీస్తే తెల్లని చిత్త. పున్నమినాడు చంద్రుడు చిత్త దగ్గర ఉండే నెల చైత్రం, విశాఖ దగ్గర ఉండే నెల వైశాఖం. పంచాంగంలో చదివిన నెలల పేర్లు చుక్కలై కనబడతాయి. దుకాణం మూసి వచ్చిన మీ నాన్న భోజనం చేసి మీతో పాటు చాపమీద పడుకుని ఈ మూడు చుక్కలు వెతికితే, బస్సు టికెట్టు లేకుండానే ఒక మంచి సాయంత్రం గడుస్తుంది.

ఇక వేసవిలో మన ఊరికే చెందిన గొప్ప వేడుక గంగ జాతర. తాతయ్యగుంట గంగమ్మకు చాటింపు వేసిన నాటినుంచి వారం రోజులు ఊరంతా వేషాలే. తెల్లనామపు సుద్ద పూసుకుని బైరాగి వేషం, కుంకుమ పూసుకుని బండ వేషం, బొగ్గు పూసుకుని తోటి వేషం, గంధం పూసుకుని దొర వేషం, ఆపైన మాతంగి వేషం, సున్నపు కుండల వేషం, ఇలా రోజుకొకటి వస్తాయి. ఆడపిల్లలను వేధించిన పాలెగాడిని సంహరించడానికి గంగమ్మ పుట్టిందని, ఆమెకు భయపడి దాక్కున్న వాణ్ణి బయటికి రప్పించడానికే అన్ని వేషాలు వేసిందని, దొర వచ్చాడనుకుని వాడు బయటపడగానే తల నరికిందని కథ. వేంకటేశ్వరస్వామికి ఆమె చెల్లెలని మనవాళ్ళ నమ్మకం; అందుకే జాతరకు తిరుమల నుంచి పసుపు, కుంకుమలతో సారె వస్తుంది.

నేను ఈ జాతరను ఎంతో ప్రేమిస్తాను. మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని ఆడవేషంలో మొక్కు తీర్చుకునే పండుగ ఇది. ఏ కులం వారైనా, ఏ పని చేసేవారైనా ఆ రోజుల్లో గంగమ్మ బిడ్డలే. మీకు వేషం వేయాలని ఉంటే బైరాగి వేషం వేయిస్తాను. చివరి రోజు జనం విపరీతంగా ఉంటారు కాబట్టి, వేషాల రోజుల్లోనే ఉదయం పూట వెళ్ళి పొంగళ్ళు పెట్టేవారిని, వేషధారులను తీరికగా చూడండి.

పల్లెలకు వెళ్ళే వీలుంటే భారతం చూడకుండా సెలవులు ముగించవద్దు. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో వేసవిలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. పగలు పందిట్లో హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి తపస్సు నాడు వేషధారి పొడవైన తపసుమాను మీదికి పద్యాలు పాడుకుంటూ ఎక్కి, చిట్టచివర కూర్చుని నిమ్మపండ్లు, పూలు కిందికి విసురుతాడు. పిల్లలు కావాలని కోరుకునే స్త్రీలు కింద కొంగు పట్టి వేచి ఉంటారు. చివరి రోజు మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ విగ్రహం పడుకుని ఉంటుంది. భీమ వేషధారి గదతో తొడ పగలగొట్టగానే అందులో దాచిన ఎర్రనీళ్ళు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడివేస్తుంది. సాయంత్రం నిప్పులగుండం. బడి పుస్తకంలో పది పేజీలు చదివినా ఎక్కని కథ ఆ ఒక్క ఉదయంతో మనస్సులో నిలిచిపోతుంది. బంధువుల ఊళ్ళలో ఎక్కడెక్కడ భారతం జరుగుతున్నదో ఫోన్లు చేసి కనుక్కునే పని చిన్నదానిది.

ఎండవేళ ఇంట్లో ఉండే గంటలకు ఒక పని చెబుతాను. శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారి వేసేవారిని ఒకసారి చూసి వద్దాము. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, రంగులో ముంచి, అచ్చు లేకుండా చేతితో గీస్తారు. అంతకుముందే మన ఇంట్లో నల్లసిరా తయారు చేయడం మొదలుపెట్టవచ్చు. తుప్పుపట్టిన ఇనుప మేకులు, బెల్లం, నీళ్ళు మట్టికుండలో వేసి, మూతను వదులుగా పెట్టి రెండు మూడు వారాలు పులియనివ్వాలి. తెల్లని నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాలి. ఆ గుడ్డమీద పులిసిన నీటితో గీత గీస్తే, గీసినప్పుడు లేతగా ఉన్నది చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలవడమే అందుకు కారణం; పాలలోని కొవ్వు సిరాను పక్కకు పాకకుండా ఆపుతుంది. కుండ దగ్గర పెద్దలు ఉండాలి, ఆ నీటిని నోట పెట్టకూడదు. సెలవులు మొదలైన వారమే కుండ పెడితే మే నెల నడిమికల్లా సిరా సిద్ధమవుతుంది. మిగిలిన మధ్యాహ్నాలకు పులిజూదం ఉండనే ఉన్నది. బండమీద సుద్దతో గడులు గీసి, మూడు పులులకు మూడు చింతగింజలు, పదిహేను మేకలకు పదిహేను గులకరాళ్ళు పెట్టుకోండి. మేకలతో ఆడి గెలవడమే నిజమైన నేర్పు.

మీ అమ్మకు రెండు రోజులు వరుసగా సెలవు దొరికితే హార్స్‌లీ కొండలకు వెళ్ళవచ్చు. నాలుగువేల అడుగుల పైచిలుకు ఎత్తులో ఉన్న ఆ కొండమీద రాత్రిపూట దుప్పటి కప్పుకోవలసి వస్తుంది. దిగేటప్పుడు మదనపల్లెలో ఆగి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలను చూడండి. 1919లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడ ఉన్నప్పుడే జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తైనది, అడవి కూడా చాలా అందమైనది. అయితే వేసవిలో నీటిధార సన్నబడుతుంది కనుక వానలు పడ్డాక వెళ్ళడం మేలు. నీటి మడుగులున్న ఏ కోనకు వెళ్ళినా లోతు తెలియనిచోట దిగవద్దు. నాచుపట్టిన బండమీద కాలు జారితే ఈత వచ్చినవారికీ పట్టు దొరకదు. పులికాట్ సరస్సు మాట చిన్నది అడిగింది గాని, రాజహంసలు వచ్చేది చలికాలంలో. అది సంక్రాంతి సెలవులకు.

ఎక్కడికి వెళ్ళినా మజ్జిగ ఒక సీసా, రాగి అంబలి ఒక సీసా, తలకు తడిగుడ్డ తప్పకుండా ఉండాలి. దారిలో నన్నారి షర్బత్ తాగండి, తాటిముంజలు తినండి. రంగునీళ్ళ ఐసు మాత్రం వద్దు. మామిడికాయల కాలం కనుక దామలచెరువు మండీ మీదుగా వచ్చేవారితో బేనీషా, తోతాపురి, నీలం తెప్పించి, మూడింటి వాసన కళ్ళు మూసుకుని గుర్తుపట్టే పందెం పెట్టుకోండి.

ఇప్పుడు మీరు చేయవలసినది ఏమిటంటే, గోడమీది క్యాలెండరులో మీ అమ్మ డ్యూటీలు లేని పూటలను పెన్సిలుతో గుర్తుపెట్టి, మీ నాన్నకు ఏ రోజు దుకాణంలో పని తక్కువో అడిగి దాని పక్కన వ్రాయండి. చంద్రగిరికి బస్సు వేళలను పెద్దవాడు బస్టాండులో కనుక్కోవాలి, ఖర్చు ఎంతవుతుందో చిన్నది లెక్కకట్టాలి. ఈ ఆదివారం నేను వచ్చేటప్పుడు కరక్కాయలూ మట్టికుండా తెస్తాను. తుప్పుపట్టిన మేకులు మీరు ఏరి ఉంచండి.

ఇట్లు,
మీ అవ్వ