సంక్రాంతి తర్వాత ఖాళీ అయ్యే బెంచీలు: గవర్నమెంటు బడి మీద అపోహలు, వాస్తవాలు

నేను ఎస్జీటీగా, అంటే ప్రైమరీ బడి టీచరుగా, చేరి పద్దెనిమిదేళ్లు. మొదట కొన్నేళ్లు సీతంపేట కొండల్లో చేశాను. 2022లో జిల్లాలు విడదీశాక అది పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. తర్వాతంతా శ్రీకాకుళం జిల్లాలోనే, సముద్రం వైపు ఊళ్లలో. పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఆఖరికి మా స్టాఫ్ రూములో కూడా వినే మాటలు కొన్నున్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: "వలస పోయేవాళ్ల పిల్లలకి చదువు మీద శ్రద్ధ ఉండదు."

వరి కోతలు, నూర్పులు అయిపోతాయి. సంక్రాంతి పండగ చేసుకుంటారు. ఆ తర్వాత మా ఊళ్లలో చాలా కుటుంబాలు హైదరాబాదుకో చెన్నైకో భవనాల పనికి రైలెక్కుతాయి. ఇంట్లో నాయనమ్మ ఓపికగా ఉంటే పిల్లలు ఊళ్లోనే ఉంటారు. లేకపోతే వెంట వెళ్లాల్సిందే. బడి జూన్‌లో తెరిస్తే ఏప్రిల్‌లో మూస్తాం. అంటే వెంట వెళ్లిన పిల్లకి ఏటా చివరి మూడు నెలలు పోతాయి.

ఇందులో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టిన సంగతి ఒకటుంది. నా తరగతిలో భిన్నాల దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ సంక్రాంతి దాటిపోయేది. మూడో తరగతిలో అంతే, నాలుగులో అంతే, అయిదులోనూ అంతే. వలస వెళ్లే పిల్ల ఏటా పోగొట్టుకునేది ఆ ముక్కనే. ఆరో తరగతిలో చేరాక "దీనికి భిన్నాలు రావు, మొద్దు" అని రిపోర్టు వస్తుంది. ఎవరైనా చెప్తే కదా రావడానికి! ఇప్పుడు దసరా సెలవులు అవగానే ఎవరెవరు వెళ్తారో అడిగి రాసుకుంటాను. నవంబరులోనే భిన్నాలు మొదలుపెడతాను. సిలబస్ ప్లాను తారుమారవుతుంది. తనిఖీకి వచ్చినాయన ఒకసారి నిలదీశారు కూడా. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, పెద్ద పిల్లలకి పనికొస్తాయి. ఏడేళ్ల పిల్లని అక్కడ వదిలి వెళ్లమంటే మాత్రం ఏ తల్లికీ మనసొప్పదు, ఆమెను తప్పుపట్టలేను.

అపోహ: "టీసీ లేదు, ఆధార్ లేదు, మధ్యలో వచ్చారు, చేర్చుకోరు."

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని టీసీ ఆలస్యమైందనో, వయసు కాగితం లేదనో, ఏడాది మధ్యలో వచ్చారనో వెనక్కి పంపకూడదు. వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆధార్ లేదని అడ్మిషన్ ఆపకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. రాష్ట్రం మారినా పిల్లకి ఈ హక్కు పోదు. వెళ్లేవాళ్లకి ఈ మాటలు ఒక చీటీ మీద రాసి ఇస్తాను.

అపోహ: "సవర పిల్లలకి తెలివి తక్కువ, ఎంత చెప్పినా ఎక్కదు."

సవరలు సీతంపేట కొండల్లో ఉండే గిరిజనులు, వాళ్ల భాషా సవరే. అక్కడ నా మొదటి నెల. ఒకటో తరగతి పిల్ల నా దగ్గరికొచ్చి "డా, డా" అంటోంది. ఆడుకుంటోందనుకుని కూర్చోమన్నాను. రెండుసార్లు కూర్చుంది, మూడోసారి ఏడ్చింది. అయిదో తరగతి కుర్రాడు చెప్పాడు, నీళ్లు అడుగుతోందని. డిగ్రీ, బీఈడీ చేసిన నాకు ఆ బళ్లో నీళ్లు అన్న మాట రాదు. తెలివి తక్కువ ఎవరికి?

ఇది ఈ నేల మీద కొత్త సంగతేమీ కాదు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మేస్టారుగా పనిచేస్తూ సవర నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు, వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. వాడుక తెలుగు కోసం పోరాడిందీ ఆయనే. ఆయన పుట్టిన ఆగస్టు 29న బళ్లో తెలుగు భాషా దినోత్సవం చేసి, మర్నాడు "ఎల్లిపోనాడు" అని రాసిన కుర్రాడికి ఎర్ర సిరాతో సున్నా చుడతాం. నేనూ చుట్టాను. ఇప్పుడు మొదట అర్థానికి మార్కు వేస్తాను, ఆ తర్వాత "పుస్తకంలో ఇలా రాస్తారు నాయినా" అని చూపిస్తాను. ఇంట్లో మాట తప్పని రోజూ వింటే, పిల్లలు తప్పు రాయడం మానరు. నోరు విప్పడమే మానేస్తారు.

అపోహ: "తల్లిదండ్రులకి పట్టదు. మీటింగు పెడితే ఒక్కరూ రారు."

మా వైపు మత్స్యకారుల్లో చాలామంది ఆగస్టులో గుజరాత్ వెరావల్ బోట్ల మీదకి వెళ్తే వేసవికి గానీ రారు. తల్లి పొద్దున్నే పనికి పోతుంది. మేము మీటింగు ఉదయం పదకొండింటికి పెట్టి, ఎవరూ రాలేదని రిజిస్టర్లో రాసేవాళ్లం. ఒకసారి రాత్రి ఏడింటికి రామమందిరం అరుగు మీద పెట్టి చూశాం. కూర్చోడానికి చాపలు చాలలేదు.

అపోహ: "గవర్నమెంటు టీచర్లు పాఠాలు చెప్పరు."

కొందరు చెప్పరు, దాచడం ఎందుకు. కానీ విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారమే 60 మంది పిల్లల దాకా ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు అయిదు. ఒకరు ట్రైనింగుకి వెళ్లిన రోజున రెండోవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

అపోహ: "అందరికీ ఒకటే బ్యాగు, ఒకటే బూట్లు, ఒకటే భోజనం. ఇంకేం తేడా?"

బూట్లు అందరికీ ఒకటే, నిజమే. రోజూ మొదటి గంట మాత్రం నేను వెనకబడిన నలుగురితోనే కూర్చుంటాను. మిగతావాళ్లు జట్లుగా చదువుకుంటారు. కిరాణా కొట్టాయన కొడుకు బాగా చదువుతాడు. ఆయన ఒకరోజు గేటు దగ్గర పట్టుకున్నాడు. "మా గుంటడికెందుకు తక్కువ మేస్టారూ?" కిందటేడు వాడికి టైఫాయిడ్ వచ్చి నెల రోజులు బడికి రాకపోతే, తర్వాత వాడి పక్కనే కూర్చున్నాను కదా అన్నాను. ఔనని నవ్వాడు. మళ్లీ వారం వచ్చి అదే అడిగాడు.