లో వోల్టేజీకి రాడ్డు ఎందుకు బతికింది, మోటారు ఎందుకు కాలింది

పూతలపట్టు దగ్గర మా మామకు చెరకు తోట ఉంది. పోయిన చలికాలంలో బోరు మోటారు కాలిపోతే చిత్తూరులో వైండింగ్ చేయించుకుని వస్తూ నన్నడిగాడు: "కరెంటు డల్లుగా వచ్చినప్పుడు ఇంట్లో నీళ్ల రాడ్డుకి ఏమీ కాలేదు, నీళ్లు లేటుగా కాగినాయి, అంతే. మోటారు మాత్రం ఎందుకు కాలిందిరా?"

ఎంత మంచి ప్రశ్నో! మొన్నటిదాకా నేనూ వోల్టేజీ తగ్గితే ఏ వస్తువైనా తక్కువ కరెంటే తీసుకుంటుందని అనుకునేవాణ్ణి.

రాడ్డు మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని ఉంటుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే 6.5 ఆంపియర్ల కరెంటు, వోల్టులను ఆ ఆంపియర్లతో భాగిస్తే సుమారు 35 ఓముల నిరోధం (అంటే కరెంటుకు తీగ పెట్టే అడ్డు) వస్తాయి. 1827లో జర్మనీలో గేయోర్గ్ ఓమ్ అచ్చు వేయించిన సూత్రం ఈ రెండోదే. ఇప్పుడు వోల్టేజీ 180కి పడిపోయిందనుకుందాం. రాడ్డులోని తీగ నిరోధం దాదాపు మారదు కాబట్టి కరెంటు 5.1 ఆంపియర్లకు తగ్గుతుంది, 180తో గుణిస్తే 918 వాట్లే. వోల్టేజీ అయిదో వంతు చిల్లర తగ్గితే వేడి ఏకంగా దాదాపు 40 శాతం పడిపోయింది, ఎందుకంటే వోల్టేజీతో పాటు కరెంటూ తగ్గింది. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీల నుంచి 45కి కాచాలంటే 23 నిమిషాల పని 38 నిమిషాలవుతుంది. బిల్లేమైనా తగ్గుతుందా అంటే లేదు, నీళ్లకు కావాల్సిన వేడి అంతే కదా, రెండు సార్లూ అర యూనిట్ పైచిలుకే.

అన్ని వస్తువులకూ ఈ లెక్క ఇలాగే కుదరదు. పాత 60 వాట్ల గుండు బల్బు వెలుగుతున్నప్పుడు లెక్క కడితే సుమారు 880 ఓములు వస్తాయి. అదే బల్బును హోల్డర్‌లోంచి తీసి, చల్లారాక మల్టీమీటర్ పెట్టి చూడండి, 60 ఓముల దరిదాపుల్లో చూపిస్తుంది. మీటర్ తప్పు కాదు. టంగ్‌స్టన్ తీగ తెల్లగా మండేటప్పుడు నిరోధం పదింతలు దాటిపోతుంది.

ఇక మోటారు. అది తిరిగేటప్పుడు వైండింగ్‌లోనే, అంటే లోపలి తీగ చుట్లలోనే, ఎదురు వోల్టేజీ పుడుతుంది, కరెంటును అదుపులో ఉంచేది ఎక్కువగా అదే. అందుకే తిరుగుతున్న మోటారుకు వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వైండింగ్ నిరోధం దొరకదు. బోరులోంచి నీళ్లు పైకి లాగే పని ఎప్పటిలాగే ఉంటుంది కాబట్టి వోల్టేజీ తగ్గితే మోటారు కొంచెం నెమ్మదించి, ఆ లోటును కరెంటుతో పూడ్చుకుంటుంది. వైండింగ్‌లో వేడేమో కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు మూడో వంతు పెరిగితే వేడి ఒకటిన్నర రెట్లు దాటి 1.8 దగ్గరికి పోతుంది. తీగ మీది పూత ఆ వేడికి మాడిపోయి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. వోల్టేజీ మరీ పడిపోయి మోటారు తిరగలేక ఆగిపోతే ఎదురు వోల్టేజీ బాగా పడిపోయి కరెంటు మామూలు కంటే కొన్ని రెట్లకు లేస్తుంది.

మామ స్టార్టర్ డబ్బాలో రెండు మీటర్లున్నాయి, ఒకటి వోల్టులకు, ఒకటి ఆంపియర్లకు. ఆయన ఇన్నేళ్లూ వోల్టులు మాత్రమే చూసేవాడు. మోటారు ప్లేటు మీద ఉన్న, మీటర్ దాటకూడని ఆంపియర్ల అంకె చూపించాను. చాక్‌పీసు తెమ్మని, ఆ అంకెను డబ్బా తలుపు మీద ఆయనే పెద్దగా రాసుకున్నాడు.