కటింగ్ షాపు కూడా దుకాణమే

కటింగ్ షాపు గొడవ మళ్లీ పైకొచ్చింది. దళితులకు క్షవరం చెయ్యననడం, పోలీసు కేసు, ఆ వెంటనే "షాపు నాది, ఎవరికి చెయ్యాలో నా ఇష్టం, ఇది మా ఊరి ఆచారం" అనే వాదన. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలకు ఇది కొత్త కాదు. వెట్టిచాకిరీ, హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఇవాళ్టి వాదనకు జవాబు 1948 నవంబర్ 29న దొరుకుతుంది.

హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగి అప్పటికి రెండున్నర నెలలు కూడా కాలేదు. రాజ్యాంగ సభలో హైదరాబాద్ సంస్థానం తరఫున సభ్యులే లేరు. ఇప్పటి 15వ అధికరణ మీద చర్చ నడుస్తోంది. కులం పేరుతో దుకాణాల్లోకి రాకుండా ఎవరినీ ఆపకూడదని ముసాయిదా అంటోంది. సరే, ఏది దుకాణం? వచ్చి అడిగినవాళ్లకు తన సేవ అందించడానికి యజమాని సిద్ధంగా ఉన్న ప్రతి చోటూ దుకాణమేనని అంబేడ్కర్ చెప్పారు. అక్కడితో ఆగలేదు. గడప దాటనిస్తే సరిపోదనీ, షరతులు కుదిరితే పని చేసి పెట్టాలనే అర్థంలోనే ఆ మాట వాడామనీ అన్నారు. 2011లో ప్రైవేటు విద్యాసంస్థల కేసులో సుప్రీంకోర్టు ఆ మాటలనే ఆధారం చేసుకుంది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉన్నారు. ఆయనది మన పక్క రంగారెడ్డి జిల్లానే.

పాత రోజుల్లో మంగలి ఇంటింటికీ తిరిగేవాడు, కల్లం దగ్గర వడ్లు కొలిపించుకునేవాడు. అది ఊరి కట్టుబాటు. అద్దం, కుర్చీ, రేట్ల బోర్డు పెట్టాక అది వ్యాపారం. ఇంక ఆచారం ఎక్కడిది?

చట్టం కూడా ఎప్పుడో వచ్చింది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. సేవ నిరాకరిస్తే నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. (500 అంటే ఇవాళ నాలుగైదు కటింగ్‌ల డబ్బు.) అసలు బలం 12వ సెక్షన్‌లో ఉంది. బాధితుడు ఎస్సీ అయితే అంటరానితనం వల్లే నిరాకరించారని కోర్టు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది షాపువాడే. "ఇవాళ సెలవు", "కత్తెర పాడైంది" అన్నంత మాత్రాన సరిపోదు.

షాపువాళ్ల మాట ఒకటుంది. "వాళ్లకు చేస్తే మిగతావాళ్లు రారు, మా పొట్ట కొడతరు" అంటారు. అబద్ధం కాదు. కానీ కేసు కత్తెర పట్టినవాడి మీదే పడుతుంది, రామని బెదిరించిన పెద్దమనుషుల పేర్లు ఫిర్యాదులో ఉండవు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్ట సవరణలో సామాజిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే. దళితులను దూరం పెట్టమని ఒత్తిడి చేసినవాళ్ల మీద ఆ కోణంలో విచారణ జరగాలి. జరగదు. నెలాఖరున పౌరహక్కుల దినం పెట్టి, అధికారులు అందరితో కలిసి కాగితపు గ్లాసుల్లో టీ తాగి వెళ్తారు.

కేసు పడ్డాక షాపు అందరికీ బంద్. కుర్రాళ్లు బస్సెక్కి దేవరకొండకో అచ్చంపేటకో పోతారు. అక్కడ కుర్చీలో కూర్చుంటే అడిగేది ఒక్కటే: "ఎట్ల కొట్టమంటవ్ అన్నా?"