40 డిగ్రీలు అందరికీ ఒకటేనా?

వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలాడే తెల్లటి పెట్టెలో కొలిచినది. రోడ్డు మీద తారు పోసే మనిషి ఉండేది ఆ పెట్టెలో కాదు. భూమి సగటు వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగిందంటే చిన్న సంగతిలాగే వినిపిస్తుంది. ఆ డిగ్రీ ఎవరి ఒంటి మీద ఎంత బరువుగా పడుతుందో వాళ్లు చేసే పని, నెత్తిమీది కప్పు, రాత్రి నిద్ర తేలుస్తాయి.

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో దాదాపు 100 వాట్ల వేడి పుడుతుంది. బరువులు మోస్తే అది 400 దాటుతుంది. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకు మించితే, లోపలి వేడి పోవడానికి మిగిలే దారి చెమట ఆవిరవడమే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పట్టుకుపోతుంది. గంటసేపు 400 వాట్లంటే 1,440 కిలోజౌళ్లు. అంటే 600 మిల్లీలీటర్ల చెమట పూర్తిగా ఆవిరవ్వాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆవిరి కాకుండా ధారగా కారిపోతుంది. ఒంట్లో నీరు పోతుంది గానీ వేడి పోదు.

అందుకే పని చోట్ల మామూలు థర్మామీటరు చాలదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు రీడింగుకు 0.7, ఎండలో పెట్టిన నల్ల గోళం రీడింగుకు 0.2, నీడలోని గాలి ఉష్ణోగ్రతకు 0.1 వంతు ఇచ్చి కలిపితే వేడి ఒంటి మీద పెట్టే అసలు ఒత్తిడి తెలుస్తుంది. ఫోన్‌లో కనిపించే అంకెను నమ్ముకుని పని సాగించే చోటే ప్రమాదం.

అన్నిటికన్నా ప్రమాదం కొత్తగా చేరిన వాళ్లకు. ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తవాళ్లకు మొదటి రోజు మామూలు పనిలో 20 శాతం మించకుండా ఇచ్చి, రోజుకు మరో 20 శాతం చొప్పున పెంచమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సలహా. ప్రతి 15-20 నిమిషాలకు ఒక కప్పు నీళ్లు తాగాలి. చేసినంత పనికే కూలి కట్టే చోట ఇవేవీ నిలవవు. ఆగి నీళ్లు తాగితే కూలి తగ్గుతుంది కాబట్టి దాహం వేసినా ఆగరు.

ఇక ఇల్లు. 2021 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వడగాడ్పులకు 619 మంది చనిపోయారు. వాళ్లలో 98 శాతం మంది ప్రాణాలు వదిలింది ఇంటి లోపలే. సగానికి పైగా ఒంటరిగా బతుకుతున్నవాళ్లు, చాలామందికి ఏసీ లేదు. సంపన్న దేశంలోనే ఇలా జరిగింది.

వాడల మధ్య తేడా కూడా తనంతట తాను పుట్టదు. అమెరికాలో 1930లలో నల్లజాతివాళ్లు, వలసవచ్చినవాళ్లు ఉండే పేటల చుట్టూ మ్యాపుల్లో ఎర్రగీత గీసి, అక్కడ ఇళ్లకు అప్పు పుట్టకుండా చేశారు. 108 నగరాల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో ఆ పేటల్లో నేల ఉపరితలం మిగతా పేటలకన్నా సగటున 2.6 డిగ్రీలు వేడిగా ఉందని తేలింది. చెట్లు తక్కువ, తారు, కాంక్రీటు ఎక్కువ. గీత గీసినవాళ్లు పోయారు, వేడి మాత్రం ఆ వీధుల్లోనే ఉంది.

రేకుల కప్పు పగలంతా కాగి కింద ఉన్నవాళ్ల మీదకే వేడి వదులుతుంది. తెల్లటి పూత వేస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. అయితే దుమ్ము పేరుకుంటే పూత సరిగా పనిచేయదు. కడుగుతూ ఉండాలి, పాడైతే మళ్లీ వేయాలి. ఆ ఖర్చు అద్దెకున్నవాళ్ల మీద పడితే పని ఆగిపోతుంది, ఇంటి యజమానికి అందులో లాభం కనబడదు మరి.

చాలా చోట్ల పగటికన్నా రాత్రుల వేడి వేగంగా పెరుగుతోంది. పగలు ఎండలో పనిచేసిన ఒంటికి కోలుకోవడానికి దొరికేది రాత్రే. ఎండల వేళ జనం సేదతీరడానికి తెరిచే చల్లబరిచే కేంద్రాలను సాయంత్రం ఐదింటికి మూసేస్తే, వాటి అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లు పని ముగించుకుని వచ్చేసరికి తలుపులకు తాళం ఉంటుంది.