డీజిల్ బండిలో పెట్రోల్ పడిందా? కీ జోలికి వెళ్లకండి: అపోహలు - వాస్తవాలు

"సార్, ట్యాంకులో ముప్పై లీటర్ల డీజిల్ ఉంది. బంకు కుర్రాడు పొరపాటున నాలుగు లీటర్లు పెట్రోల్ కొట్టేశాడు. పైన ఫుల్ ట్యాంక్ డీజిల్ పోయిస్తే కలిసిపోతుందట కదా?"

షెడ్డుకు వచ్చే ఫోన్లలో ఈ ప్రశ్న పాతబడదు. అడిగేవాళ్ల గొంతులో వణుకు ఉంటుంది, పాపం. పక్కన నిలబడి ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషికి మాత్రం ఏ వణుకూ ఉండదు, బండి ఆయనది కాదు కాబట్టి.

అపోహ: కొంచెమే కదా, పైన డీజిల్ పోస్తే సర్దుకుంటుంది

ఎక్కువమంది జేబుకు చిల్లు పెట్టేది ఈ మాటే. ఇది పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. పాతకాలపు డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి డీజిల్‌ను ఇంజిన్‌లోకి తోసే ఇన్‌లైన్ పంపు ఉండేది, దానికి లూబ్రికేషన్ ఇంజిన్ ఆయిల్ నుంచే అందేది. చలిదేశాల్లో డీజిల్ మైనంలా గడ్డకట్టకుండా కొంచెం పెట్రోల్ కలుపుకోవచ్చని అప్పట్లో కొన్ని కంపెనీల మాన్యువళ్లలోనే రాసి ఉండేది. ఆ బండ్లు పోయాయి, మాట మిగిలింది.

ఇప్పుడు రోడ్డు మీదున్న డీజిల్ కారు సీఆర్‌డీఐ (కామన్ రైల్ డైరెక్ట్ ఇంజెక్షన్). ఇందులో రైలు అంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని పంచే గొట్టం. అందులో ఒత్తిడి 1600 నుంచి 2000 బార్ దాకా వెళ్తుంది. అంత ఒత్తిడి పుట్టించే హై ప్రెషర్ పంపుకు వేరే ఆయిల్ అందదు, లోపల పారే డీజిలే దానికి ఆయిల్. పంపులో పైకీ కిందకీ ఆడే ప్లంజర్‌కీ, దాని చుట్టూ ఉండే బ్యారెల్‌కీ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులే. బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి తగ్గాక సహజమైన జిడ్డు కూడా తగ్గింది. ఆ లోటును యాడిటివ్‌లతో, అంటే విడిగా కలిపే మందులతో పూడుస్తారు. అందులో పెట్రోల్ పడితే ఆ పలుచని పొర కడిగేసినట్టు పోతుంది. పైగా నేటి బంకు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్. జిడ్డు ఉండదు, నీటిని పీలుస్తుంది, డీజిల్‌లా కుదింపుకే అంటుకునే గుణమూ లేదు.

పొర పోయాక ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. రాలిన పొడి పంపు నుంచి రైలుకు, రైలు నుంచి ఇంజెక్టర్లకు, మిగిలింది రిటర్న్ లైన్లో తిరిగి ట్యాంకుకు చేరుతుంది. ఒక్క పంపు అరిగినందుకు మొత్తం వ్యవస్థ పాడయ్యేది అందుకే.

అపోహ: స్టార్ట్ చేయలేదు, కీ ఆన్ చేశానంతే

చాలా బండ్లలో కీ ఆన్ అవగానే ట్యాంకులోని పంపు కొన్ని సెకన్లు తిరుగుతుంది. ట్యాంకులో ఉన్న మిశ్రమాన్ని ఫిల్టర్ దాకా తోసేస్తుంది. సెల్ఫ్ కొట్టకపోతే హై ప్రెషర్ పంపు తిరగదు కాబట్టి ముప్పు పెద్దది కాదు, కానీ ట్యాంకుతో పోయే పని లైన్ల దాకా పెరుగుతుంది.

బండిని పక్కకు తోయాలంటే స్టీరింగ్ లాక్ తీయాలిగా? కీ ఉన్న బండి అయితే మొదటి క్లిక్, అంటే యాక్సెసరీ దగ్గర ఆపండి. బటన్ ఉన్న చాలా బండ్లలో బ్రేక్, క్లచ్ తొక్కకుండా ఒక్కసారి నొక్కితే యాక్సెసరీ, రెండోసారి నొక్కితే ఆన్. ఒక్కసారితో ఆగండి. ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి గేరు లివర్ పక్కన చిన్న మూత కింద షిఫ్ట్ లాక్ రిలీజ్ ఉంటుంది. అది నొక్కి న్యూట్రల్‌కి తెచ్చి తోయొచ్చు. వెనక హారన్ల గోల ఎంతున్నా, ఇంజిన్ మీద ఆ పది అడుగులు మాత్రం వెళ్లొద్దు.

దారిలో తెలిస్తే? పికప్ పడిపోతుంది, టకటక శబ్దం, తెల్లపొగ, చెక్ ఇంజిన్ లైటు. "ఇంటిదాకా ఎలాగో లాగిద్దాం" అనుకోకండి. ఎడమకు తీసి ఆపి, బండిని పైకెక్కించుకుని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవండి.

షెడ్డులో ఏం చేయాలి

ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి. వెనక సీటు కింద పంపు మాడ్యూల్ తెరిచి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. ఫిల్లర్ మూతిలోంచి పైపు పెట్టి లాగితే అడుగున నాలుగైదు లీటర్లు మిగిలిపోతుంది, అదే మళ్లీ పంపుకు వెళ్తుంది. ఐదు లీటర్ల కొత్త డీజిల్ పోసి మళ్లీ తీసేయాలి. ఫిల్టర్ మార్చాలి, లైన్లు కడగాలి. తర్వాత చేత్తో నొక్కే పంపు (హ్యాండ్ ప్రైమర్)తోగానీ, కీ నాలుగైదుసార్లు ఆన్-ఆఫ్ చేసిగానీ గాలి తీసి, ఆ తర్వాతే సెల్ఫ్. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు.

బండి నడిచి వచ్చిందంటే, పాత ఫిల్టర్ పారేయనివ్వకండి. కోయించి చూడండి. మడతల కాగితాన్ని తెల్ల బట్ట మీద విప్పి, టార్చి ఏటవాలుగా వేస్తే చాలు. మామూలు నల్లమురికి అయితే మెరవదు. శుభలేఖ మీద చమ్కీలా వెండిరంగు పొడి తళుక్కుమందంటే పంపు అరిగినట్టే. అప్పుడు ఒక్క పంపు మార్చి పంపిస్తే పది రోజుల్లో మళ్లీ వస్తారు. రైలు, ఇంజెక్టర్లు, రిటర్న్ లైన్లు, ట్యాంకు అన్నీ చూడాలి. మొదటి దశలో వేలల్లో తేలే ఖర్చు ఇక్కడికొచ్చేసరికి లక్ష దాటేస్తుంది.

అపోహ: డెన్సిటీ చూశాం, బాగానే ఉంది

డెన్సిటీ అంటే సాంద్రత, బంకులో హైడ్రోమీటర్‌తో కొలుస్తారు. లెక్క వేసి చూడండి. ఘనమీటరుకు డీజిల్ 830 కిలోలు, పెట్రోల్ 740 అనుకుందాం. పదో వంతు పెట్రోల్ కలిస్తే 821 వస్తుంది. బీఎస్-6 డీజిల్‌కి 810 నుంచి 845 దాకా అనుమతే. అంటే 10 శాతం కల్తీ కూడా హైడ్రోమీటర్‌కి చిక్కకుండా పోవచ్చు. బిల్లు మీద ఇంధనం పేరూ లీటర్లూ చూడటం దానికంటే నమ్మకం. ఆ బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి. తప్పు బంకుదైతే మీ చేతిలో ఉండే ఆధారం అదే. సీసీటీవీ ఫుటేజీ దాచమని కూడా అక్కడికక్కడే రాసివ్వండి.

మిగతావి గబగబా

టూ-స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపే 2టీ ఆయిల్ పోస్తే జిడ్డు తిరిగొస్తుందా? కొలత లేని వైద్యం, వద్దు. పెట్రోల్ కారులో డీజిల్ పడితే? ప్లగ్గులు తడిసి మిస్‌ఫైర్, పొగ. సాధారణంగా నష్టం తక్కువ. ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్గులు శుభ్రం చేస్తే కుదురుకుంటుంది. అలాగే తోలితే మాత్రం పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోవచ్చు. మామూలు పెట్రోల్ బదులు ప్రీమియం పడితే జేబుకే నష్టం. నీలం మూత ఉన్న బీఎస్-6 డీజిల్ బండ్లలో డెఫ్‌ని (పొగను శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) డీజిల్ ట్యాంకులో పోయడం మాత్రం తేలికగా తీసుకోకండి. అది 32.5 శాతం యూరియా, మిగతాది నీళ్లు. ఎండితే ఉప్పులా గడ్డకడుతుంది, ఇనుమును తినేస్తుంది. అక్కడా అదే మాట, కీ ముట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్ చూసుకుంటుందిలే అనే ధీమా ఉంటే పాలసీ కాగితం ఒకసారి తీయండి. మామూలు పాలసీల్లో తప్పు ఇంధనం వల్ల ఇంజిన్‌కి వచ్చే నష్టం సాధారణంగా రాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే టోయింగ్, కొన్నిట్లో ట్యాంకు ఖాళీ చేయించడం వస్తాయి.

ట్యాంకులోంచి తీసిన ముప్పై నాలుగు లీటర్లు ఇంటికి పట్టుకెళ్లి జనరేటర్‌లో వాడదామని అడిగేవాళ్లు ఉంటారు. డీజిల్ వాసనే వస్తుంది గానీ అందులోని పెట్రోల్ ఆవిరికి మామూలు గది వేడిలోనే చిన్న నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది. డబ్బా అక్కడే వదిలేయండి.