పేదరికం చూపిస్తే పరువు పోతుందా?

పాతకాలపు పేద బాల్యం మీద సినిమా వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్‌లో ఒక మాట వినబడుతుంది: మన దరిద్రాన్ని బయటివాళ్లకు చూపించి అవార్డులు తెచ్చుకుంటున్నారని. ఈ నింద కొత్తది కాదు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ నాటి నుంచీ ఉంది.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల బెంగాల్ పల్లె కథ అది. చేతిలో డబ్బు లేక చిత్రీకరణ ఆగిపోతే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. గ్రామాభివృద్ధి కనిపించేలా ముగింపు మార్చమని మాత్రం ఒత్తిడి వచ్చింది. రాయ్ ఒప్పుకోలేదు. 1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలైంది. విదేశాలకు పంపొద్దని కొందరు అధికారులు అడ్డుపడినా, నెహ్రూ మద్దతుతో 1956లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవానికి వెళ్లి బహుమతి తెచ్చింది. 1958లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బోస్లీ క్రౌథర్ పెదవి విరిచారు. అయినా న్యూయార్క్‌లో నెలల తరబడి ఆడింది.

అసలు దెబ్బ 1980లో, మనవాళ్ల నుంచే పడింది. రాజ్యసభ సభ్యురాలైన నటి నర్గీస్, రాయ్ పేదరికాన్ని ఎగుమతి చేస్తున్నారన్నారు. ఆనకట్టల్లాంటివి కట్టుకున్న ఆధునిక భారతాన్ని చూపించాలన్నారు.

ఈ వాదనలో పిల్లలు ఎక్కడా కనబడరు. నాకు బాధ అక్కడే. ‘పథేర్ పాంచాలి’లో దుర్గ అనే పిల్ల పూసలదండ దొంగిలించిందని పొరుగింటావిడ నానా మాటలూ అంటుంది. తీయలేదంటుంది దుర్గ. ఆమె చనిపోయాక ఆ దండ తమ్ముడు అపుకి దొరుకుతుంది. ఎవరికీ చెప్పకుండా చెరువులో విసిరేస్తాడు. అక్క పరువు కాపాడిన ఆ పసివాణ్ణి చూశాక దేశం పరువు పోయిందని ఎలా అంటాం? జాలి కోసం తీసిన సినిమా అయితే ఆ సన్నివేశం అలా ఉండేదే కాదు. విమర్శకుడు చూడాల్సింది ఇల్లెంత కూలిపోయిందని కాదు, అందులోని పిల్లకు కోరికా కోపమూ అబద్ధమూ మిగిల్చారా లేదా అని.

అదే 1980లో గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ దర్శకుడి చేత బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ ‘మా భూమి’ తీయించారు. నిజాం కాలపు తెలంగాణ వెట్టిని అందులో చూశాం. 1920ల నాటి దొర గడీలో బానిసగా బతికిన అమ్మాయి కథతో నర్సింగరావే 1988లో ‘దాసి’ తీశారు. నటి అర్చన, కళాదర్శకుడు తోట వైకుంఠం అవార్డులతో కలిపి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. నర్సింగరావుది గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్, వైకుంఠానిది కరీంనగర్ వైపు బూరుగుపల్లి. తాము పుట్టిపెరిగిన నేలను చూపించినవాళ్లను పరాయివాళ్ల మెప్పు కోసం తీశారనడం అన్యాయం.