ఐరిష్ షార్ట్ ఫిల్మ్స్: అపోహలు - వాస్తవాలు

షార్ట్ ఫిల్మ్స్ ఎడిట్ చేయడం నా పని. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకు ఐర్లాండ్ సినిమాలు ఎక్కువగా చూపిస్తుంటాను. ఆ పేరెత్తగానే ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఐరిష్ కథ అంటే పచ్చని కొండలు, పబ్బులు, రాజకీయ గొడవల్లో పేలే తుపాకులు.

రెండు రైలు ప్రయాణాలు చూడండి, చాలు. 'కాకా మిలిష్' (2001)లో ఒకావిడ, మతిమరుపు వ్యాధి ఉన్న తల్లికి సేవ చేసి చేసి అలసిపోయి ఉంటుంది. రైల్లో ఆమె దగ్గర కూర్చున్నాయనకు చూపు లేదు, ఉబ్బసం కూడా ఉంది. మాటలు మాత్రం ఆపడు. ఆయన ఇష్టంగా తింటున్న కేకులో పురుగుందని చెబుతుందావిడ. ఆయనకు ఆయాసం మొదలవుతుంది. చెయ్యి ఇన్‌హేలర్ కోసం వెతుకుతుంటే, ఆమె దాన్ని అందకుండా పక్కకు జరుపుతుంది. ఆ జరపడం మనకు కనిపిస్తుంది, ఆయనకు కనిపించదు. భయమంతా ఆ తేడాలోనే ఉంది. నేను ఏ క్లాసులో చూపించినా ఆ చోట గదిలో చప్పుడుండదు.

ఆయనగా నటించిన బ్రెండన్ గ్లీసనే మార్టిన్ మెక్‌డొనా తీసిన 'సిక్స్ షూటర్' (2004)లోనూ రైలెక్కుతాడు. ఈసారి అప్పుడే భార్యను పోగొట్టుకున్న మనిషి. ఎదురు సీట్లో నోటికి హద్దులేని కుర్రాడు. పేరుకు ఆరు గుండ్ల తుపాకీ అని అర్థం, అయినా కథలో రాజకీయం లేదు. 2006లో దీనికి ఆస్కార్ వచ్చింది.

అపోహ: అవన్నీ ఇంగ్లీషు సినిమాలే కదా.

కావు. 'కాకా మిలిష్' ఐరిష్ భాషలో తీసినదే, అక్కడి బడి పిల్లలకు పాఠ్యాంశం కూడా. 'యూ మింగ్ ఇస్ ఆనిమ్ డమ్' (2003)లో ఒక చైనా కుర్రాడు ఐర్లాండ్ అధికార భాష ఐరిష్ అని చదివి, కష్టపడి నేర్చుకుని డబ్లిన్‌లో దిగుతాడు. అక్కడ అతని మాట ఒక్కరికీ అర్థం కాదు! చివరికి పబ్బులో ఒక ముసలాయన జవాబిస్తే, ఈయనకు చైనీస్ ఎప్పుడొచ్చిందా అని పక్కవాళ్లు నోరెళ్లబెడతారు. సొంత భాష వాడకంలో పలచబడుతున్న బాధను నవ్విస్తూ ఇంత సూటిగా చెప్పిన సినిమా నాకు ఇంకొకటి తెలియదు.

అపోహ: యానిమేషన్ పిల్లలకే.

కిల్‌కెన్నీ ఊళ్లోని కార్టూన్ సెలూన్ అనే యానిమేషన్ స్టూడియో వాళ్ల 'లేట్ ఆఫ్టర్‌నూన్' (2017) చూడండి. జ్ఞాపకం జారిపోతున్న ఒక పెద్దావిడ, ఒక కప్పు టీ. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

అపోహ: షార్ట్ ఫిల్మ్ అంటే పెద్ద సినిమా అవకాశానికి విజిటింగ్ కార్డు.

మన దగ్గర బాగా నాటుకుపోయిన మాట ఇదే. మెక్‌డొనా తర్వాత పెద్ద సినిమాలకు వెళ్లిన సంగతి నిజమే. కానీ అక్కడ స్క్రీన్ ఐర్లాండ్ అనే ప్రభుత్వ సంస్థ షార్ట్ ఫిల్మ్స్‌కని విడిగా డబ్బిస్తుంది. కార్క్ నగరంలో 1956 నుంచి ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది. పొట్టి కథకూ అక్కడ సొంత గౌరవం ఉంది.

2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రోజే, ఉత్తర ఐర్లాండ్‌లో జరిగే కథ 'యాన్ ఐరిష్ గుడ్‌బై'కీ వచ్చింది. అందులో తమ్ముడిగా నటించిన, డౌన్ సిండ్రోమ్ ఉన్న జేమ్స్ మార్టిన్ పుట్టినరోజు కూడా అదే. హాలంతా అతనికి పాట పాడింది. కథలో తల్లి పోయాక పొలం అమ్మేద్దామంటాడు అన్న. అమ్మ రాసుకున్న 100 కోరికలూ తీర్చాకే కదులుతానంటాడు తమ్ముడు. పెద్ద సినిమా అయితే ఒక్కో కోరికకూ ఒక్కో సీను పెట్టి సాగదీసేవాళ్లు. ఇక్కడ కోరికలు చకచకా వెళ్లిపోతాయి, సినిమా ఆ ఇద్దరి మధ్య నిలబడుతుంది. నిడివి 23 నిమిషాలు. అందులో నేను తీసెయ్యగలిగిన షాట్ ఒక్కటీ కనబడలేదు.